పక్కింటి పిల్లల చదువు కోసం నిలబడ్డ లాయర్

అబ్రహాం లింకన్ పేరు మన పిల్లలందరికీ తెలుసు. ఆయన కాలంలోనే అమెరికా కాంగ్రెస్‌లో పనిచేసిన మరో లాయర్ థాడియస్ స్టీవెన్స్ గురించి ఈ నెల మీకు చెబుతాను. పిల్లల్ని స్కూలుకి పంపే ప్రతి ఇంటికీ ఆయన కథ దగ్గరగా ఉంటుంది.

స్టీవెన్స్ 1792 ఏప్రిల్ 4న వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్‌విల్‌లో పుట్టారు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. తోటి పిల్లలు వెక్కిరించేవారు. తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోవడంతో నలుగురు కొడుకుల భారం తల్లి సారా మీదే పడింది. పొలం పని కష్టమైన ఈ అబ్బాయికి చదువే దారి అని ఆవిడ నమ్మారు. మంచి స్కూలు ఉందని పీచమ్ అనే ఊరికి మకాం మార్చారు. ఆ నమ్మకం వమ్ము కాలేదు. 1814లో ఆయన డార్ట్‌మౌత్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసి, తర్వాత పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో లాయర్‌గా స్థిరపడ్డారు.

ఇక్కడ ఒక మచ్చ కూడా చెప్పాలి. 1821లో చారిటీ బట్లర్ అనే నల్లజాతి మహిళ స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కితే, స్టీవెన్స్ ఆమె యజమాని తరఫున వాదించి గెలిచారు. ఆ తర్వాత మాత్రం ఆయన జీవితమంతా బానిసత్వానికి ఎదురు నిలిచారు. పారిపోయి వచ్చిన బానిసల తరఫున వాదించారు.

1833లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అప్పటిదాకా పెన్సిల్వేనియాలో ఉచితంగా చదవాలంటే తల్లిదండ్రులు తాము పేదలమని పేరు రాయించుకోవాలి. ఆ అవమానం భరించలేక చాలామంది పిల్లల్ని పంపేవారే కాదు. 1834లో అందరికీ ఉచిత స్కూళ్ళ చట్టం వచ్చింది. ఎవరి పిల్లల కోసమో మేమెందుకు పన్ను కట్టాలని జనం మండిపడ్డారు. మరుసటి ఏడాది సెనేట్ ఆ చట్టం రద్దుకు ఓటేసింది. స్టీవెన్స్ సొంత ఓటర్లలోనూ చాలామంది రద్దే కోరారు. అయినా ఆయన దిగువ సభలో లేచి చట్టం తరఫున మాట్లాడారు. నేరాలకు జైళ్ళు కట్టడానికి పన్ను కడుతున్నాం కదా, నేరాలు తగ్గించే చదువుకి కట్టలేమా అన్నది ఆయన వాదన. ఆ ప్రసంగం తర్వాత సభ మనసు మారింది, చట్టం నిలిచింది.

తర్వాత లాంకాస్టర్ నుంచి అమెరికా కాంగ్రెస్‌కు వెళ్ళారు. అంతర్యుద్ధ కాలంలో దేశ ఖర్చులు చూసే కీలకమైన కమిటీకి అధ్యక్షుడు ఆయనే. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణకూ, చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇచ్చిన 14వ సవరణకూ గట్టిగా పనిచేశారు. విముక్తులైన వాళ్ళకు భూమి పంచాలన్న ఆయన ప్రయత్నం మాత్రం నెరవేరలేదు.

1868 ఆగస్టు 11న కన్నుమూశారు. నల్లవారిని రానివ్వని శ్మశానాలు వద్దని, అందరినీ రానిచ్చే చిన్న శ్మశానాన్ని ముందే ఎంచుకున్నారు. రంగు తేడా లేకుండా అనాథ పిల్లలకు ఆశ్రయం, చదువు ఇవ్వడానికి వీలునామాలో డబ్బు రాశారు. దాని ఫలితంగా వెలసిన సాంకేతిక కాలేజీ లాంకాస్టర్‌లో ఆయన పేరుతో నేటికీ నడుస్తోంది.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి: పక్కింటి పిల్లల చదువుకి మనం ఎందుకు డబ్బు ఇవ్వాలి? వాళ్ళు చెప్పే జవాబు ఓపికగా వినండి. తర్వాత మీ జవాబు కూడా వాళ్ళకు చెప్పండి.