మల్కిభరాముడు: తురుష్క వంశీయుని తెలుగు పోషణ

కోసిగి వీథిలో అర్ధగంట నిలిచినవాడు తెలుగు, కన్నడము, ఉర్దూ మూడింటిని వినకపోడు. అందు మూడవదానిని పల్లెవారు నేటికిని తురకమాట యందురు. ఆ మాట నాడువారిలో తుర్కీభాష యెరిగినవారు కానరారు. ఇస్తాంబులు నగరమున మాటలాడెడి తుర్కీ వేరు, మన ఉర్దూ వేరు. ఒకటి మరియొకదానికి సంతతి గాదు. అయినను తుర్కీ పదములు కొన్ని పారసీ వాకిటి గుండ వచ్చి మన యిండ్లలో స్థిరపడినవి. తుపాకి, బేగము, ఖాను, బహదూరు అట్టివే. ఉర్దూ యను పేరునకే తుర్కీలో దండు విడిసిన చోటని యర్థము. పదములు వచ్చిన త్రోవనే పాలకులును వచ్చిరి. వారి వంశమున బుట్టిన యొకడు తెలుగు కవులను గారవించి, వారిచేత మల్కిభరాముడను పేరు వడసెను. ఆతడే గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా. ఆతని చరితమును మంచిచెడ్డలతో గూడ పాఠకుల ముందుంచుట నేడు ప్రయోజనకరమని మేము తలచుచున్నాము.

ఇబ్రహీము తండ్రియగు సుల్తాన్ కులీ పారసీక దేశపు హమదాను నుండి బహమనీ సుల్తానుల కొలువునకు వచ్చినవాడు. ఆతనిది కారా కొయున్లూ, అనగా నల్లగొర్రె యను పేరుగల తుర్కొమాను వంశము. తెల్లగొర్రె తెగవారు తమ రాజ్యము హరింపగా, ఆతడు ప్రాణరక్షణకై దక్షిణాపథమునకు వలస వచ్చెను. కులీ యను పేరును, దాసుడని యర్థమిచ్చు తుర్కీ పదమునుండి పుట్టినదే. ఆ వంశమువారు కత్తితోపాటు కలమును బట్టినవారు. తబ్రీజు రాజధానిగా నేలి 1467లో హతుడైన జహాన్‌షా, హకీకీ యను కవినామముతో తుర్కీలోను పారసీలోను కవిత్వము చెప్పెను. కాని యా దినములలో తుర్కీకి పెద్దపీట యుండెడిది కాదు. ఏలెడివారు తురుష్కులైనను, కొలువునకు పారసీయు, శాస్త్రమునకు అరబ్బీయు కావలసియుండెను. హెరాతు నగరవాసియగు అలీషేర్ నవాయీ మహాకవి, తుర్కీ పారసీకి దీసిపోదని నిరూపించుటకు 1499లో నొక గ్రంథమునే రచింపవలసివచ్చెను. సంస్కృతము సరసను తెలుగునకు చోటు సంపాదించుటకు మన పూర్వకవులు పడిన పాటులను ఎరిగిన పాఠకులకు ఈ వ్యథ క్రొత్తది గాదు.

1543లో వృద్ధుడగు సుల్తాన్ కులీ మసీదున ప్రార్థన చేయుచుండగా హతుడయ్యెను. చేయించినవాడు కన్నకొడుకగు జంషీదే. ఆతడు తన యన్న కన్నులు బొడిపించి సింహాసన మెక్కెను. అప్పుడు దేవరకొండలో నున్న ఇబ్రహీము బీదరునకు పారిపోయి, అచ్చటను నిలువ వీలుగాక విజయనగరము చేరెను. మన కోసిగికి నైరృతి దిక్కున, మన తుంగభద్ర యొడ్డుననే వెలసిన మహానగర మది. పేరునకు సదాశివరాయలు రాజైనను, రాజ్యభారమంతయు అళియ రామరాయలదే. ఆయన శరణాగతుని ఆదరించి జాగీరు నొసగెను. అంతకుముందు దాని ననుభవించిన అంబర్ ఖానుడు నడివీథిలో నెదిరింపగా, ఇబ్రహీము ద్వంద్వయుద్ధమున వానిని గూల్చెనని ఫెరిష్తా వ్రాసియున్నాడు. ఇట్లేడు సంవత్సరములు గడచినవి. పరాయి మతస్థుని యింట నతిథియై, తెలుగు కవిత్వము మ్రోగుచున్న కొలువున మెలగిన యా యేడేండ్లే ఆతని తెలుగు ప్రీతికి మూలమని చరిత్రకారులు తలచుచున్నారు.

1550లో జంషీదు మరణించెను. పసిబాలుని గద్దెపై నుంచి పెద్దలు కలహించుచుండగా, కోటలను గాచెడి తెలుగు నాయకవారులు ఇబ్రహీము పక్షము వహించిరి. పాలమూరు సీమలోని కోయిలకొండ దుర్గమున ఆ యేటి తెలుగు శాసన మొకటి గలదు. ఇబ్రహీమునకు విధేయులమై యుందుమని నాయకవారులు చేసిన ప్రమాణమది. తురుష్క వంశీయుడొకడు, పారసీ రాజభాషగా గల రాజ్యమునకు, తెలుగులో జేసిన ప్రమాణము తోడుగా ప్రభువయ్యెను. ఈ సంగతి మనము మరువరానిది.

ముప్పదియేండ్ల యాతని పాలనలో గోలకొండ కొలువు తెలుగు కవులకు పుట్టినిల్లయ్యెను. అద్దంకి గంగాధరకవి భారతకథ నాధారముగా గొని తపతీసంవరణోపాఖ్యానమును రచించి ఆతనికే యంకితమిచ్చెను. సూర్యుని కుమార్తె కథను ముసల్మాను ప్రభువు కృతినందెను. సుగ్రీవవిజయ యక్షగానకర్తయగు కందుకూరి రుద్రకవికి చింతలపాలెము అగ్రహారముగా లభించెను. రాజు చూపిన త్రోవనే ఉద్యోగులును నడచిరి. పటాన్‌చెరువు అధికారియగు అమీన్ ఖానునకు పొన్నిగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రము నంకితమిచ్చెను. తత్సమపదములను విడిచి అచ్చతెలుగున రచింపబడిన తొలి కావ్య మదియే. చిత్రమేమనగా ఆ శతాబ్దముననే, ఇస్తాంబులునకు వాయవ్యమున నున్న ఎదిర్నే నగరమున నజ్మీ యను కవి పారసీ అరబ్బీ పదములను మానుకొని అచ్చమైన తుర్కీలో పద్యములు చెప్పుచుండెను. ఒకరి నొకరెరుగని యిరువురు కవులకు, అరువు సొమ్ములు దీసివైచి తల్లిభాష మోమును చూడవలెనను కోరిక యొక్కటే కలిగెను.

ఇంతవరకు చెప్పి కలము నాపినచో మేము స్తోత్రపాఠకుల మగుదుము. 1565 జనవరిలో, తనకు నీడనిచ్చిన రామరాయలపై సుల్తానులు దండెత్తగా, ఇబ్రహీమును వారితో జేరెను. ఏడేండ్లన్నము పెట్టిన వృద్ధుని తల యా రణమున దెగిపడెను. విజయనగరము పాడువడెను. 1568లో మన ఆదవాని దుర్గము విజాపురమువారి వశమయ్యెను. 1579లో ఇబ్రహీము సేనలు హండె నాయకుల తోడ్పాటుతో అహోబిల క్షేత్రమును గొల్లగొట్టి యాక్రమించిన సంగతిని అచటి శాసనమే చాటుచున్నది. ఆ దండును నడపినవాడు మురహరిరావను బ్రాహ్మణ సేనాని. కావున ఈ కథను మతముల పోరుగా జెప్పజూచువారికి, మతముల పొత్తుగా మాత్రమే చెప్పజూచువారికి గూడ చరిత్ర లొంగదు. రాజ్యకాంక్షకు కృతజ్ఞత యడ్డురాలేదు. ఇబ్రహీమునందలి యీ మచ్చను మేము కప్పిపుచ్చము. ఐనను కృతఘ్నతకు నిందించుచు, భాషాపోషణకు ఋణపడుట అసంగతము గాదు.

1580లో ఇబ్రహీము మరణించి గోలకొండ చెంత సమాధి చేయబడెను. ఆతని కొడుకు మహమ్మద్ కులీ 1591లో హైదరాబాదు నగరమును నిర్మించుటయేగాక, తెలుగు పలుకులు చిలికిన దక్కనీలో కవితాసంపుటిని రచించెను. తరువాతి కుతుబ్‌షాహీల ఫర్మానాలు కొన్ని పారసీతోపాటు తెలుగునను వెలువడినవి. 1687లో ఔరంగజేబు గోలకొండను గొనువరకు ఆ వంశమువా రిచ్చటనే పుట్టి యిచ్చటనే పెరిగిరి. పూర్వుల తుర్కీకి ఆ కొలువున చోటు దక్కలేదు.

ఆ తుర్కీ తన దేశమున తరువాత దలయెత్తెను. 1928 నవంబరు 1వ తేదీన ముస్తఫా కెమాలు ప్రభుత్వము అరబ్బీ లిపిని మాన్పి లాటిను లిపిని శాసించెను. 1932లో భాషాసంస్కరణకు సంఘమును స్థాపించి, పరభాషాపదముల స్థానమున దేశ్యపదములను నిలిపెను. అక్షరాస్యత పెరిగెను, తాతల గ్రంథములు మాత్రము మనుమలకు చదువరాని వయ్యెను. లాభనష్టములు రెండును చూచి నేర్వదగిన పాఠ మిది. మనకు లిపి మార్పవలసిన యగత్యము లేదు. నన్నయ నాటినుండి నేటివరకు తెగని త్రాడు మనచేత నున్నది.

కొరవ వేరొకచోట నున్నది. ఆదవాని తాలూకా 1953లో బళ్లారి జిల్లానుండి విడివడి ఆంధ్రరాష్ట్రమున జేరెను. 1966లో తెలుగును అధికారభాషగా జేయు శాసనమును వచ్చెను. ఐనను ఉన్నత న్యాయస్థానపు మూలతీర్పు ఆంగ్లముననే యుండును. తన పొలము సంగతి దానిలో నేమున్నదో తెలిసికొనుటకు కోసిగి రైతు మరియొకరి వాకిట నిలువవలసియున్నది. కోయిలకొండ నాయకవారులకు ఆ యిబ్బంది లేకపోయెను. తాము దేనికి గట్టుబడుచున్నారో తమ భాషలో నెరిగి ప్రమాణము చేసిరి. నాలుగువందల డెబ్బదియేండ్లకు పూర్వము, దేశముగాని దేశపు వంశమువాడు ఒప్పుకొన్న యా నియమమును, మన యోట్లతో నేర్పడిన ప్రభుత్వములు ప్రతి కాగితమునను పాటింపవలెనని మేము కోరుచున్నాము.