జేమ్స్ వేల్

జేమ్స్ వేల్ (జూలై 22, 1889 - మే 29, 1957) సుప్రసిద్ధ ఆంగ్ల నాటక, చలనచిత్ర దర్శకుడు. ఈయన హాలీవుడ్‌లో తీసిన ఫ్రాంకెన్‌స్టైన్ (1931), ది ఇన్విజిబుల్ మాన్ (1933) చిత్రాలు విశేష ఖ్యాతి పొందాయి.

జీవిత విశేషాలు

వేల్ ఇంగ్లాండులోని డడ్లీ పట్టణంలో ఒక కార్మిక కుటుంబంలో జన్మించాడు. చిత్రకళ అభ్యసించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో జర్మనులకు చిక్కి, యుద్ధ ఖైదీల శిబిరంలో నాటకాలు వేయడం ఆరంభించాడు. 1928లో లండనులో ఈయన దర్శకత్వం వహించిన జర్నీస్ ఎండ్ నాటకం ఘనవిజయం సాధించి హాలీవుడ్‌కు దారి చూపింది.

ది ఓల్డ్ డార్క్ హౌస్

జె.బి.ప్రీస్ట్లీ నవల ఆధారంగా 1932లో వచ్చిన ఈ చిత్రానికి ఈయన దర్శకత్వం వహించాడు. తుఫాను రాత్రి ఒక పాత ఇంట తలదాచుకున్న బాటసారుల కథ ఇది. భయాన్నీ, హాస్యాన్నీ విడదీయరాకుండా కలపడం దీని ప్రత్యేకత. బోరిస్ కార్లోఫ్, చార్లెస్ లాటన్, గ్లోరియా స్టువార్ట్ ఇందులో నటించారు. కథాహక్కులు యూనివర్సల్ సంస్థ చేజారిన తరువాత చిత్రం కనుమరుగైంది. 1963లో విలియం కాజిల్ ఇదే కథను మరల తీశాడు. వేల్ మిత్రుడు, దర్శకుడు కర్టిస్ హారింగ్టన్ పట్టుదలతో వెదికించగా 1968లో మూల నెగటివ్ లభించింది. తొలి విడుదల నాటి గోడపత్రికలను సేకర్తలు అపురూపంగా భావిస్తారు. 2017లో చిత్రాన్ని డిజిటల్ పద్ధతిలో పునరుద్ధరించారు.

మరణం

1956లో పక్షవాతానికి గురైన వేల్, మరుసటి సంవత్సరం లాస్ ఏంజెలెస్‌లోని స్వగృహపు ఈతకొలనులో మునిగి మరణించాడు. తన చిత్రం తిరిగి వెలుగు చూడడం ఆయనకు తెలియనే లేదు.