లేస్యా ఉక్రయింకా – ఒక పేరు కథ

లేస్యా ఉక్రయింకా కవిత్వం కన్నా ముందు ఆమె పేరే నన్ను ఆకట్టుకుంది. ఉక్రయింకా అంటే ఉక్రెయిన్ స్త్రీ అని అర్థం. ఆ పేరు వెనక ఒక కుటుంబం పట్టుదల, ఒక భాష పడ్డ బాధ ఉన్నాయి. అందుకే ఆమె జీవితాన్ని నాలుగు మాటల్లో మిత్రులకు చెప్పాలనిపించింది.

1871 ఫిబ్రవరి 25న, అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉన్న నోవోహ్రాద్-వొలిన్‌స్కీ అనే ఊళ్ళో ఆమె పుట్టింది. అసలు పేరు లరీసా పెత్రివ్నా కొసాచ్. ఇందులో మొదటిది సొంత పేరు, చివరిది ఇంటిపేరు. నడిమి మాట తండ్రి నుంచి వచ్చింది. తండ్రి పెత్రో గనుక కూతురు పెత్రివ్నా, కొడుకైతే పెత్రోవిచ్. అక్కడ పెద్దవాళ్ళను గౌరవించి పిలవాలంటే సొంత పేరుకు ఈ తండ్రి పేరు చేరుస్తారు. మన 'గారు' చేసే పని అది చేస్తుందన్న మాట. ఇంట్లో ముద్దుపేర్లు వేరే. అలా లరీసా కాస్తా లేస్యా అయింది.

మరి ఉక్రయింకా ఎక్కడిది? 1876లో రెండవ అలెగ్జాండర్ చక్రవర్తి ఎమ్స్ పట్టణంలో సంతకం చేసిన ఉత్తర్వు ఉక్రెయిన్ భాషలో పుస్తకాల అచ్చును చాలావరకు ఆపేసింది. నాటకాలు కూడా ఆడకూడదన్నారు. ఆ దేశాన్ని దొరలు చిన్న రష్యా అనేవారు. అలాంటి రోజుల్లో తల్లి ఓల్హా పిల్లలకు ఇంట్లోనే తమ భాషలో చదువు చెప్పింది. ఆవిడా రచయిత్రే. ఆవిడ కలంపేరు ఒలేనా ప్చీల్కా, అంటే తేనెటీగ. ప్రవాసంలో బతికిన మేనమామ మిహాయ్‌లో ద్రహొమానొవ్ ఉక్రెయిన్ వాడు అనే అర్థం వచ్చేలా ఉక్రయినెత్స్ అని సంతకం చేసేవాడు. 1884లో లేస్యా పద్యాలు ల్వీవ్ నగరంలోని జోర్యా పత్రికలో అచ్చయినప్పుడు తల్లి ఆ మాటనే స్త్రీలింగం చేసి కూతురికి కలంపేరు పెట్టింది. ల్వీవ్ ఆస్ట్రియా ఏలుబడిలో ఉండబట్టి అచ్చు సాధ్యమైంది.

పదమూడేళ్ళ పిల్ల నెత్తిన ఒక జాతి పేరు పెట్టడం బరువు కాదా అని నాకనిపిస్తుంది. పైగా చిన్ననాటి నుంచీ ఎముకల క్షయ. చేతికి ఆపరేషన్ అయ్యాక పియానో విద్వాంసురాలు కావాలన్న ఆశ వదులుకుంది. వైద్యం కోసం బెర్లిన్, క్రిమియా, ఈజిప్టు తిరిగింది. ఎక్కడున్నా కలం ఆపలేదు. 1893లో తొలి కవితా సంపుటి వచ్చింది. 1901లో మిన్స్క్‌లో, క్షయతో చావుబతుకుల్లో ఉన్న స్నేహితుడు మెర్జిన్‌స్కీ మంచం పక్కన కూర్చొని ఒక్క రాత్రిలో ఒక కావ్యనాటకం రాసింది. 1911లో అడవిపాట అనే నాటకం రాసింది. అదే ఆమెకు శాశ్వత కీర్తి.

1907లో జానపద సంగీత పరిశోధకుడు క్లిమెంత్ క్వీత్కాను పెళ్ళాడింది. క్వీత్కా అంటే పువ్వు. కాగితాల మీద ఇంటిపేరు కొసాచ్-క్వీత్కా అయినా పుస్తకాల మీద మాత్రం ఉక్రయింకా చెక్కుచెదరలేదు.

1913 ఆగస్టు 1న జార్జియాలోని సురామీలో 42 ఏళ్ళకే కన్నుమూసింది. కీవ్‌లో ఆమె శవపేటికను స్త్రీలే భుజాల మీద మోశారు.

ఆమె పుట్టిన ఊరు కూడా 2022లో జ్వ్యాహెల్ అనే తన పాత పేరును తిరిగి తెచ్చుకుంది. తల్లి పెట్టిన కలంపేరును లేస్యా ఇష్టం లేకపోతే ఎప్పుడైనా వదిలేయగలిగేది. వదలకుండా, జబ్బు మంచం మీద కూడా ఆ పేరుకు తగినట్లు రాసింది. మన పేర్లు కూడా ఎవరో పెట్టినవే. వాటికి అర్థం కల్పించే పని మాత్రం మనకే మిగిలి ఉంది.