గండం గట్టెక్కితే సరిపోదు

ఆఖరు మ్యాచ్‌ల వరకు గుండె గుప్పిట్ల పెట్టుకొని, కింది డివిజన్‌కు పడిపోకుండ ఎట్లనో బయటపడ్డ ఫుట్‌బాల్ టీమ్‌లను ప్రతి ఏడాది చూస్తనే ఉంటం. ఆ రాత్రి పటాకులు, పండుగ, స్టేటస్‌లు. తెల్లారినంక ఇద్దరు కొత్త ఆటగాళ్లను కొంటరు, కోచ్‌ను మారుస్తరు, మళ్ల అదే ఆట ఆడుతరు. అసలు అంత కిందికి ఎందుకు దిగినం అని అడిగేటోళ్లు తక్కువ. వందేండ్ల కింద ఇంగ్లండ్‌ల ఒకాయన ఆ ప్రశ్న అడిగిండు. ఆయన పేరు హెర్బర్ట్ చాప్‌మన్. ఇయ్యాల ఆర్సెనల్ జెర్సీ ఏసుకొని తిరిగే పిల్లలల్ల కూడ చానామందికి ఈ పేరు తెల్వదు.

చాప్‌మన్ 1878 జనవరి 19న షెఫీల్డ్ దగ్గర కివెటన్ పార్క్ అనే బొగ్గుబాయి ఊర్ల పుట్టిండు. తండ్రి బాయి పనికి పోయేటోడు. కొడుకు మాత్రం చదువుకున్నడు, మైనింగ్ ఇంజనీరింగ్ నేర్సుకున్నడు. ఆటగానిగ గొప్ప పేరేం రాలె. ఒక క్లబ్బుల కొన్నాళ్లు, ఇంకో క్లబ్బుల కొన్నాళ్లు తిరిగిండు. 1907ల నార్తాంప్టన్ టౌన్‌కు ఆడుకుంట మేనేజర్ పని కూడ ఎత్తుకున్నడు. అప్పటికి ఆ టీమ్ సదరన్ లీగ్‌ల అట్టడుగున ఉండె. రెండేండ్లల్ల, 1909ల, అదే టీమ్ లీగ్ గెలిచింది. ఓడిపోయే టీమ్‌ను లేపుడు ఈయనకు అక్కడనే అబ్బింది.

దెబ్బలు కూడ తిన్నడు. 1912ల లీడ్స్ సిటీకి పోయిండు. మొదటి ప్రపంచ యుద్ధంల ఆయుధాల ఫ్యాక్టరీల మేనేజర్‌గ పనిచేసిండు. యుద్ధం అయినంక, ఆటగాళ్లకు రూల్స్ దాటి పైసలిచ్చిన్రని లీడ్స్ సిటీ మీద కేసు లేచింది. క్లబ్బు లెక్కల పుస్తకాలు చూపెట్టలేదు. 1919ల లీగ్ నుంచి క్లబ్బునే ఎల్లగొట్టిన్రు, చాప్‌మన్ మీద కూడ నిషేధం పడ్డది. ఆ పైసలిచ్చిన కాలంల తను ఫ్యాక్టరీల ఉన్నననేది ఆయన వాదన. అప్పీల్‌ల నిషేధం తీసేసిన్రు. 1921ల హడర్స్‌ఫీల్డ్ టౌన్‌కు వచ్చిండు. 1922ల ఎఫ్ఏ కప్పు, 1924ల, 1925ల లీగ్. చిన్న ఊరి క్లబ్బును దేశంల నంబర్ వన్ చేసిండు.

గంత మంచి టీమ్‌ను ఇడిసిపెట్టి 1925 ఎండాకాలంల లండన్‌ల ఉన్న ఆర్సెనల్‌కు పోయిండు. అప్పుడు ఆర్సెనల్ పరిస్థితి ఏంది? మొదటి డివిజన్‌ల 22 టీమ్‌లు, ఆఖరు రెండు కిందికి పోతయి. ఆర్సెనల్ 20వ జాగల ఆగింది. అంతకుముందు ఏడాది 19వ జాగ. కప్పంటూ ఒక్కటి లేదు. ముందున్న మేనేజర్ చేతులు కట్టేసి, పెద్ద ధర పెట్టి ఆటగాళ్లను కొననియ్యకుండ నడిపిన ఓనర్ హెన్రీ నోరిస్. చాప్‌మన్ మాత్రం గెలవాలంటే ఐదేండ్లు పడుతదని ముందుగాలనే చెప్పి పనిల దిగిండు.

మొట్టమొదట ఒక పెద్ద అనుభవస్తుని తెచ్చిండు. సండర్‌లాండ్ నుంచి చార్లీ బుకన్, వయసు 33. రెండు వేల పౌండ్లు ముందుగాల, మొదటి సీజన్‌ల కొట్టిన ఒక్కో గోల్‌కు వంద పౌండ్లు. గోల్స్ ఒక్కటే కాదు, ఆట తెలిసిన బుర్ర కూడ కావాలె టీమ్‌కు.

అదే ఎండాకాలంల ఆఫ్‌సైడ్ రూల్ మారింది. అంతకుముందు బంతి అందుకునేటోని ముంగట అవతలి టీమ్‌ల ముగ్గురు ఉండాలె, లేకుంటే ఆఫ్‌సైడ్. ఇప్పుడు ఇద్దరుంటే చాలు. డిఫెన్స్‌లు చెల్లాచెదరైనయి. మొదటి డివిజన్ మొత్తంల గోల్స్ ఒక్క ఏడాదిల 1,192 నుంచి 1,703కు ఎగిరినయి. 1925 అక్టోబర్ 3న న్యూకాసిల్ చేతిల ఆర్సెనల్ 7-0తోటి ఓడింది.

వేరే మేనేజరైతే ఆటగాళ్ల మీద ఒర్లేటోడు. చాప్‌మన్ కూసొని ఇన్నడు. నడుమ ఆడే సెంటర్ హాఫ్‌ను ఎనుకకు గుంజి, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్యల మూడో డిఫెండర్‌గ నిలబెట్టాలని బుకన్ అన్నడు. అట్లయితే నడుమ ఖాళీ అయితది కదా? ముందట ఆడేటోళ్లల్ల ఒకణ్ని కొంచెం కిందికి దింపాలె. ఆ పనికి మూడో టీమ్‌ల ఆడే ఆండీ నీల్‌ను పిలిచిన్రు. ఉరుకుడు తక్కువైనా, బంతిని అదుపుల పెట్టి సక్కగ అందిచ్చేటోడు. రెండు రోజులకు వెస్ట్ హామ్ మీద 4-0తోటి గెలిచిన్రు.

ఈ ఉపాయం ఒక్క చాప్‌మన్‌కే తట్టలేదు, వేరే టీమ్‌లు కూడ అప్పట్ల అటూఇటూ చూస్తున్నయి. ఆయన గొప్పతనం ఏందంటే, దాన్ని ఒక్క మ్యాచ్ గండానికి మందు లెక్క వాడి పారెయ్యలే. తర్వాతి ఐదేండ్లు ఆ ఆటకు సరిపోయే మనుషులను ఎతికిండు. ఎనుక ముగ్గురు, నడుమ నలుగురు, ముందట ముగ్గురు. మైదానం మీద గీత గీస్తే ఇంగ్లీషు అక్షరాలు డబ్ల్యూ, ఎమ్ లెక్క కనవడుతది, అందుకే డబ్ల్యూఎమ్ అన్నరు. ఏ జాగల ఏం పని ఉన్నదో ముందు రాసుకున్నడు, ఆ పనికి మనిషిని తర్వాత చూసిండు. మనం చానాసార్లు దీన్నే ఉల్టా చేస్తం.

మధ్యల నిలబడి అడ్డుకునేటోడు కావాలె: ఆస్వెస్ట్రీ అనే చిన్న టౌన్ నుంచి హెర్బీ రాబర్ట్స్‌ను 200 పౌండ్లకు తెచ్చిండు. ఎడమ దిక్కు డిఫెండర్ కావాలె: ఒకప్పుడు పాలబండి నడిపిన ఎడ్డీ హ్యాప్‌గుడ్ కెటరింగ్ నుంచి వచ్చిండు, తర్వాత ఇంగ్లండ్ కెప్టెనే అయిండు. వేరే పిల్లగాని ఆట చూడబోయి 17 ఏండ్లు కూడ సరిగ నిండని క్లిఫ్ బాస్టిన్‌ను కనిపెట్టిండు. పైసలు పెట్టాల్సిన కాడ ఎనుకకు పోలె. 1928ల డేవిడ్ జాక్ కోసం పది వేల పౌండ్లు దాటించిండు, అప్పటికి ఎవ్వరు అంత పెట్టలే. 1929ల అలెక్స్ జేమ్స్‌ను తెచ్చి, గోల్ కొట్టే అలవాటు తగ్గించి పాస్ ఇచ్చే పని అప్పజెప్పిండు. జేమ్స్‌కు అది పట్టుబడటానికి నెలలు పట్టింది. వారం వారం మీటింగ్‌ల ఆటగాళ్లను మాట్లాడనిచ్చిండు. గాయాలు చూసే టామ్ విటేకర్‌కు పెద్ద పీట ఏసిండు.

ఇంత చేసినా మెట్లు వరుసగ ఎక్కలే. మొదటి ఏడాది రెండో జాగ వచ్చింది. తర్వాత 11, 10, 9, 1930ల ఏకంగ 14. ఇప్పటి కాలమైతే 14వ జాగకే పంపించేటోళ్లు. గదే 1930ల, ఐదో ఏడు, తన పాత టీమ్ హడర్స్‌ఫీల్డ్‌ను ఫైనల్‌ల 2-0తోటి ఓడగొట్టి ఆర్సెనల్ మొదటి ఎఫ్ఏ కప్పు ఎత్తింది. మరుసటి ఏడాది 127 గోల్స్ కొట్టి లీగ్ గెలిచింది. లండన్ క్లబ్బు లీగ్ గెలుచుడు అదే మొదలు.

దేవునిలెక్క మొక్కాల్సిన పనేం లేదు. 1933 జనవరిల కింది డివిజన్ టీమ్ వాల్సాల్ చేతిల ఆర్సెనల్ 2-0తోటి ఓడింది. జరం, గాయాల వల్ల కొందరు లేకుంటే రిజర్వ్ పిల్లలను దింపింది చాప్‌మనే. కానీ పెనాల్టీకి కారణమైన టామీ బ్లాక్‌ను వారంలనే అమ్మేసిండు. న్యూకాసిల్‌ల ఓడినప్పుడు కూసొని ఇన్న మనిషి, ఈసారి ఒక పిల్లగాని మీద తప్పు నెట్టిండు. గెలుపు అలవాటైనంక ఓటమిని చూసే కన్ను మారుతది. ఇది కూడ ఆయన జీవితం నుంచి నేర్సుకోవాల్సిందే.

1934 కొత్త సంవత్సరంల పడిశం పట్టింది. పండుకొమ్మంటే ఇనలే. చలిల పోయి గిల్డ్‌ఫర్డ్‌ల తమ మూడో టీమ్ పిల్లల ఆట చూసిండు. జనవరి 6న న్యుమోనియాతోటి పానం ఇడిసిండు. 55 ఏండ్లే.

ఆయన పోయినంక హడర్స్‌ఫీల్డ్ 1926ల మూడోసారి వరుసగ లీగ్ గెలిచింది. ఆయన సచ్చిపోయినంక ఆర్సెనల్ 1934ల, 1935ల గెలిచి అది కూడ మూడు వరుసగ చేసింది. రెండు క్లబ్బుల కాడ మూడో కప్పు నాటికి చాప్‌మన్ లేడు, కట్టిన టీమ్ ఉన్నది. మనిషి మీద నిలబడ్డ టీమ్ మనిషితోటే పోతది. పని మీద నిలబడ్డది మిగులుతది. గండం గట్టెక్కిన తెల్లారి ఏ టీమైనా ముందుగాల చూసుకోవాల్సింది గిదే.