డీలియా డెర్బిషైర్

1937లో ఇంగ్లండునందలి కావెంట్రీ పట్టణమున డీలియా డెర్బిషైర్ జన్మించెను. యుద్ధకాలమున మ్రోగిన సైరనుల నాదము ఆమె చెవిని వీడలేదు. కేంబ్రిడ్జిలో గణితమును, సంగీతమును చదివినను, స్త్రీలకు తావు లేదని డెక్కా కంపెనీవారు 1959లో త్రోసిపుచ్చిరి. 1962లో బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాపున చేరెను.

మరుసటి యేట రాన్ గ్రెయినర్ 'డాక్టర్ హూ' అను టెలివిజన్ ధారావాహికకు వరుస వ్రాసి యిచ్చెను. నేటి సింథసైజరులు ఆనాడు లేవు. టేపును మన బాలబాలికలు ఎరుగరు గనుక చెప్పుచున్నాము: ఒక్కొక్క స్వరమును వేర్వేరుగా టేపుపై పట్టి, అంగుళములు కొలిచి, బ్లేడుతో కోసి, అతికించి ఆమె ఆ గీతమును నిర్మించెను. ఎంతటి ఓర్పు! అయినను తెరపై గ్రెయినర్ పేరే గాని ఆమె పేరు లేదు.

2001లో ఆమె మరణించిన పిమ్మట ఇంటి అటకపై 267 టేపులు దొరకెను. మాంచెస్టరు విశ్వవిద్యాలయమువారు వానిని డిజిటల్ రూపమున భద్రపరచిరి. 2013లో, ధారావాహిక స్వర్ణోత్సవ సంచికలో, ఆమె పేరు తొలిసారి తెరపై కనబడెను.