ఏప్రిల్ ఒకటో తారీఖు శాస్త్రవేత్త: జార్జ్ గామో

సైంటిస్టు అనంగనే చాలామందికి మదిలో మెదిలే బొమ్మ ఒకటుంది. చింపిరి జుట్టు, ముడుచుకున్న మొహం, ఇంట్లో పిల్లల పేర్లు కూడా మరిచేంత పరధ్యానం. ఆ బొమ్మకు పూర్తిగా ఎదురు నిలిచే మనిషి జార్జ్ గామో. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, గట్టి నవ్వు, చేతిలో ఎప్పుడూ పెన్సిలో పేకముక్కలో. తనవాళ్ళ కోసం సొంత చేతితో బొమ్మలు గీయడం, తోటి ఉద్యోగులను ఆట పట్టించడం, ఈ రెండూ లేకుండా ఆయన ఫిజిక్సు చేసినట్టు కనబడదు.

ఇవి మనకు కొత్త సంగతులు కావు. మా దిక్కు జొన్నకోత అయినంక దంటు బెండుతో నాయన బండీ ఎడ్లూ చేసి పిల్లలకిస్తాడు. కాముని పున్నానికి జాజిరి ఆడే పోరగాళ్ళు ఇండ్లముందటి కట్టెలు, పిడకలు మాయం చేస్తారు, పెద్దవాళ్ళు తిడుతూనే నవ్వుతారు. గామో ఈ రెండు పనులనూ యూనివర్సిటీలోకి తీసుకుపోయినాడు, అంతే.

ఆయన 1904 మార్చి 4న ఒడెస్సా పట్టణంలో పుట్టినాడు. తల్లిదండ్రులిద్దరూ పంతుళ్ళే. తొమ్మిదేండ్లకే తల్లి పోయింది. పదమూడో పుట్టినరోజుకు తండ్రి ఒక చిన్న టెలిస్కోపు కొనిచ్చినాడు. అంతకుముందే ఇంట్లో ఒక మైక్రోస్కోపు ఉండేది. చర్చిలో పెట్టిన ప్రసాదపు రొట్టె నిజంగానే మాంసంగా మారుతుందా అని, పిల్లవాడు ముక్కను దవడలో దాచుకొని ఇంటికి ఉరికి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసినాడట. మామూలు రొట్టె ముక్కతో పోల్చి చూస్తే రెండూ ఒక్కతీరే ఉన్నవి. తనను సైన్సు వైపు తిప్పింది ఆ సంగతేనని పెద్దయినాక తానే రాసుకున్నాడు.

లెనిన్‌గ్రాడులో చదువుకునే రోజుల్లో లాండౌ, ఇవానెంకో ఆయనకు జోడీ. 1928లో జర్మనీలోని గొట్టింగెన్‌కు పోయి, అక్కడ ఉన్న కొద్ది నెలల్లోనే ఆల్ఫా క్షయం గుట్టు విప్పినాడు. దొడ్డి గోడ దుంకే బలం కోడెకు లేదు, గోడకు కంత కూడా లేదు. అయినా తెల్లారేసరికి కోడె బయట మేస్తున్నదనుకోండి. అణుకేంద్రకంలోని ఆల్ఫా కణానిదీ అదే కథ. అది గోడలోంచే బయటపడే అవకాశం ఎంతో క్వాంటం సిద్ధాంతంతో లెక్కగట్టినాడు. ఆ లెక్కను నమ్ముకునే 1932లో కేంబ్రిడ్జిలో కాక్‌క్రాఫ్టు, వాల్టన్‌లు లిథియం కేంద్రకాన్ని పగలగొట్టినారు.

కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ ఇన్‌స్టిట్యూటు ఆయన స్వభావానికి సరిగ్గా సరిపోయింది. అక్కడ వసంతకాలపు సమావేశాల్లో కుర్ర శాస్త్రవేత్తలు పెద్దలను ఎక్కిరిస్తూ నాటకాలాడేవారు. 1932లో గెటే 'ఫౌస్టు'కు పేరడీ కట్టి బోర్‌నూ పౌలీనీ రంగస్థలం ఎక్కించినారు. గామో మాత్రం ఆ ఏడు రష్యా దాటి రాలేకపోయినాడు. అదే ఏడాది భార్య ల్యుబోవ్‌తో కలిసి మడిచే చిన్న పడవలో నల్ల సముద్రం దాటి టర్కీకి పారిపోవాలని చూసినాడు. గాలివాన వెనక్కి తోసింది. 1933లో బ్రస్సెల్స్ సమావేశానికి ఇద్దరికీ అనుమతి దొరికింది, మళ్ళీ వెనక్కి పోలేదు. మరుసటి ఏడు నుంచి వాషింగ్టన్‌లో ప్రొఫెసరు.

1935లో కొడుకు ఇగోర్ పుట్టినాడు. 1947లో 'ఒకటి రెండు మూడు... అనంతం' అనే అర్థం వచ్చే పేరుతో గామో ఒక పుస్తకం తెచ్చినాడు. అందులో బొమ్మలన్నీ ఆయన గీసినవే. దాన్ని, పశువులను తోలే కౌబాయ్ కావాలనుకున్న కొడుకు ఇగోర్‌కు అంకితమిచ్చినాడు. పసులకాడికి పోతానన్న కొడుకుకు మన ఇండ్లల్లో ఏం దొరుకుతదో నేను చెప్పనక్కరలేదు! తర్వాత ఇగోర్ కొండలెక్కేవారికి ఊపిరి అందించే గాలిసంచి కనిపెట్టినాడు, దానికి గామో సంచి అనే పేరు.

ఇక అసలు సంగతి. గామో దగ్గర రాల్ఫ్ ఆల్ఫర్ అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. ఇండ్లు కట్టే మేస్త్రీ కొడుకు. పగలు ఉద్యోగం, రాత్రి చదువు. విశ్వం పుట్టిన తొలి నిమిషాలలో మూలకాలు ఎట్లా ఏర్పడ్డాయో లెక్కలు కట్టడం అతని పని. ఆ వ్యాసం ఫిజికల్ రివ్యూ పత్రికకు పంపేటప్పుడు గామోకు చిలిపి ఆలోచన పుట్టింది. ఆల్ఫర్, గామో పేర్ల నడుమ హాన్స్ బేథే పేరు ఇరికిస్తే ఆల్ఫా, బీటా, గామా అయితది! బేథేకు ఆ పనితో సంబంధమే లేదు, అయినా అభ్యంతరం చెప్పలేదు. వ్యాసం 1948 ఏప్రిల్ 1 సంచికలోనే అచ్చయింది. లోకం విరగబడి నవ్వింది.

ఆల్ఫర్ నవ్వలేకపోయినాడు. వయసు ఇరవైయేడు, ఇంకా డాక్టరేటు చేతికి రాలేదు. రెండు పెద్ద పేర్ల పక్కన చిన్న పేరును ఎవరు గుర్తుపెట్టుకుంటరు? ఆ బాధ ఆయనను చివరిదాకా వదలలేదు. గామో మీద నాకెంత ఇష్టమున్నా, ఇక్కడ ఆల్ఫర్ పక్షమే నాది. జాజిరి పోరగాళ్ళు కూడా పిడకలు ఎవరింట ఎత్తుకపోవాలో, ఏ ఇంట వదిలెయ్యాలో చూసుకుంటరు.

ఆల్ఫర్ కూడా తక్కువవాడేం కాదు. ఆదిమ పదార్థానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఐలెమ్. మిత్రుడు రాబర్ట్ హెర్మన్‌తో కలిసి ఒక మద్యం సీసాకు ఆ పేరుతో చీటీ అంటించి, అందులోంచి గామో భూతంలా పైకి లేస్తున్నట్టు ఫోటో అతికించి, గురువు గారి ఉపన్యాసపు స్లైడ్ల నడుమ దూర్చినాడు. తెర మీద తన మొహమే చూసి గామో సంబరపడ్డాడు. ఆ సీసా ఇప్పుడు అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నది.

1953లో గామో దృష్టి జీవశాస్త్రం మీద పడింది. డీఎన్‌ఏలో అక్షరాలు నాలుగు, అమైనో ఆమ్లాలు ఇరవై. రెండేసి అక్షరాలతో పదహారు మాటలే వస్తాయి గనుక కనీసం మూడు కావాలన్నాడు. ఆయన వేసిన నమూనా నిలువలేదు గాని మూడు అన్న లెక్క నిలిచింది. ఆ పనికోసం వాట్సన్‌తో కలిసి ఇరవై మందితో ఒక టై క్లబ్బు పెట్టినాడు. అల్లికతో ఆర్‌ఎన్‌ఏ మెలిక ఉన్న టై బొమ్మ తానే గీసి కుట్టించినాడు. ఒక్కొక్కరికి ఒక్కో అమైనో ఆమ్లం పేరు. క్రిక్ రాసిన ముఖ్యమైన అడాప్టర్ ఊహ 1955లో ముందుగా ఈ క్లబ్బువాళ్ళకే అందింది. ఈసారి ఎవరి పేరూ పక్కకు పోలేదు.

1956లో ఆయనకు కళింగ బహుమతి వచ్చింది, ఒరిస్సా నాయకుడు బిజూ పట్నాయక్ విరాళంతో యునెస్కో ఇచ్చేది. ఆ ఏడే కొలరాడోకు మారినాడు. 1966లో వచ్చిన పుస్తకంలో ఆ పాత కోపెన్‌హాగెన్ నాటకాన్ని రెండో భార్య బార్బరా ఇంగ్లీషులోకి తెచ్చింది. 1968 ఆగస్టు 19న గామో కన్నుమూసినాడు.

విశ్వం పుట్టుక నాటి వేడి ఇంకా అయిదు డిగ్రీల మేర, అంటే పరమశూన్యానికి పైన అయిదు, మిగిలి ఉండాలని ఆల్ఫర్, హెర్మన్‌లు 1948లోనే అన్నారు. 1965లో పెంజియాస్, విల్సన్‌లు ఆ వికిరణాన్ని పట్టుకున్నారు, 1978లో నోబెల్ వాళ్ళకు వచ్చింది. ఆల్ఫర్‌కు అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ అందేసరికి 2007 జూలై అయింది. జబ్బుతో ఉన్న ఆయన వాషింగ్టన్ పోలేకపోతే కొడుకు పోయి తీసుకున్నాడు. ఆగస్టు 12న ఆల్ఫర్ చనిపోయినాడు.