శిశువిద్యాగురువు మేరియా మాంటిసోరీ

బిడ్డకు ఐదవ యేడు రాగానే మంచి దినము చూచి, పళ్ళెములో బియ్యము పోసి ఓనమాలు దిద్దించుట మన పల్లెలలో తరతరముల ఆచారము. అయితే అక్షరము దిద్దుటకు ముందే బిడ్డ చేయి నేర్వవలసిన ఒడుపు కొంత కలదు. తోడి బిడ్డలతో మెలగుటకు మనస్సు నేర్వవలసిన ఓరిమియు కొంత కలదు. ఈ రెండును లేక బడిలో కూర్చుండిన బిడ్డకు చదువు బరువగును. ఈ సత్యమును తన అనుభవముచే లోకమునకు చాటిన విదుషీమణి మేరియా మాంటిసోరీ.

ఆమె 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశమున, అంకోనా నగరమునకు సమీపమందలి కియరవల్లె అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. కుమార్తె వైద్యము చదువుట ఆయనకు సమ్మతము కాలేదు. తల్లి రెనిల్డె మాత్రము అండగా నిలిచెను. స్త్రీ పురుషులతో కలసి శవచ్ఛేదము చేయరాదను కట్టుబాటుచే, తక్కిన విద్యార్థులు వెడలిన పిమ్మట ఆమె ఒంటరిగా ఆ పని చేయవలసి వచ్చెను. ఇన్ని యిక్కట్టుల కోర్చి 1896లో రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను.

1898లో ఆమెకు మేరియో అను కుమారుడు కలిగెను. తోడి వైద్యుడగు ఆ బిడ్డ తండ్రితో ఆమెకు వివాహము జరుగలేదు. నాటి సంఘమునకు వెఱచి శిశువును పల్లెటూరి కుటుంబమొకదానికి పెంపునకిచ్చి, అప్పుడప్పుడు పోయి చూచి వచ్చుచుండెను. పరుల బిడ్డలకు తల్లి వంటిదైన ఆమెకు సొంత బిడ్డను ఒడిలో పెంచుకొను భాగ్యము లేకపోయెను.

ఆ దినములలో మందబుద్ధులగు పిల్లలను పిచ్చివారితోపాటు వైద్యశాలలలో ఉంచుచుండిరి. చేతితో పట్టుకొని ఆడుకొనుటకు వారికి వస్తువేదియు లేదు. వారికి కావలసినది మందుకంటె ముందు విద్య యని మాంటిసోరీ గ్రహించెను. ఇతార్, సెగాన్ అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములను శ్రద్ధగా చదివి, చేతిపనుల మూలమున ఆ పిల్లలకు చదువు చెప్పెను. వారిలో కొందరు సామాన్య బాలురు వ్రాయు పరీక్షలోనే ఉత్తీర్ణులైరి. లోకము మెచ్చుకొనెను. ఆమె మాత్రము, ఆరోగ్యవంతులైన పిల్లలు ఇంతకంటె పైకి ఏల రాలేకున్నారని విచారములో పడెను.

ఆ విచారమునకు సమాధానము రోములోని సాన్ లొరెంజో పేటలో దొరకెను. అది కడు బీదల వాడ. తల్లిదండ్రులు కూలికి పోగా పిల్లలు మెట్లపై తిరుగుచు గోడలు పాడుచేయుచుండిరి. ఆ యిండ్ల యజమానులగు సంఘమువారి కోరికపై 1907 జనవరి 6వ తేదీన ఆమె అచ్చట శిశుగృహమును తెరచెను. చేరినవారు సుమారు ఏబదిమంది, ఆరేడేండ్ల లోపువారు.

పిల్లలు స్వయముగా మోయగల చిన్న కుర్చీలు, బల్లలు అచ్చట నుంచిరి. చేతులు కడుగుకొనుట, బొత్తాములు పెట్టుకొనుట, నీరు ఒలుకకుండ పోయుట మొదటి పాఠములు. ఒకనాడు ఆమె చేతిరుమాలుతో ముక్కు చీదుకొను విధమును నెమ్మదిగా చూపగా పిల్లలందరు చప్పట్లు కొట్టిరి. ముక్కు కారుచున్నదని తిట్టినవారే గాని, తుడుచుకొనుట నేర్పినవారు అంతవరకు లేకుండిరి!

మరియొక దినమున మూడేండ్ల బాలిక కొయ్యదిమ్మెలోని గుండ్రని ముక్కలను తీసి, తిరిగి వాని వాని గుంటలలో అమర్చుచుండెను. ఆమెను పరీక్షింపగోరి తక్కిన పిల్లలచే చుట్టును పాటలు పాడించిరి. కుర్చీతో ఎత్తి బల్లపై కూర్చుండబెట్టిరి. ఆ పిల్ల ముక్కలను ఒడిలో పోసికొని తన పని సాగించెను. నలుబదిసార్లకు పైగా చేసి, నిద్ర లేచినదానివలె సంతోషముతో చూచెను. పసిబిడ్డకు ఏకాగ్రత లేదను మాట అబద్ధమనియు, తగిన పని లేకపోవుటయే లోపమనియు ఆమెకు బోధపడెను.

ఆ బడిలో ప్రతి వస్తువు ఒక్కటొక్కటియే ఉండెను. ఒకడు పని ముగించి యథాస్థానమున ఉంచువరకు మరియొకడు వేచియుండవలెను. ఓరిమియు పరుల యెడ మర్యాదయు ఇట్లు అలవడెను. వివిధ వయస్సుల పిల్లలు కలసియుండుటచే పెద్దవారు చిన్నవారికి చేయూత నిచ్చుచుండిరి. గరుకు కాగితముతో కత్తిరించిన అక్షరములను వ్రేలితో తడవి తడవి, కొన్ని నెలలకే నాలుగైదేండ్ల పిల్లలు వ్రాయసాగిరి.

1909లో ఆమె గ్రంథము వెలువడి కీర్తి దేశదేశముల వ్యాపించెను. తొలుత ఆదరించిన ముసోలినీ ప్రభుత్వముతో పొత్తు కుదరక ఆమె 1934లో ఇటలీని విడిచెను. 1936లో స్పెయినులో అంతర్యుద్ధము చెలరేగగా అచ్చటి నుండియు వెడలవలసి వచ్చెను. 1939లో దివ్యజ్ఞానసమాజమువారి ఆహ్వానముపై, తనను చేరి సహాయకుడైయున్న కుమారునితో మద్రాసులోని అడయారునకు వచ్చెను. సుమారు మూడువందలమంది ఆమెవద్ద శిక్షణకు చేరిరి. మన ఆంధ్రప్రాంతమును అప్పుడు ఆ రాజధానిలోనిదే.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధమున దిగగా, శత్రుదేశీయుడని మేరియోను ప్రభుత్వము నిర్బంధించెను. ఆమెను అడయారు దాటనీయలేదు. ఎడబాటు మరల ప్రాప్తించెను. అయితే ఆగస్టు 31న, ఆమె డెబ్బదవ జన్మదినమున, కానుకగా కుమారుని విడుదల చేసిరి. అటుపిమ్మట కొడైకెనాలునందును ఆమె శిశువిద్యను సాగించెను. 1952 మే 6వ తేదీన హాలెండు దేశమున కన్నుమూసెను.

విలువగల పరికరములు లేకున్నను ఆమె మార్గము మన యిండ్లకు అందరానిది కాదు. చెంబుతో నీరు పోయుట, కందులు పెసలు వేరుచేయుట, తన కంచము తాను కడుగుకొనుట బిడ్డకు చాలిన పాఠములు. జాగు సహించి, బిడ్డ చేయగల పనిని పెద్దలు తాము చేయకుండుటయే కష్టము. తీసిన పుస్తకమును తీసిన చోటనే ఉంచుట, ఒకరు చదువు వరకు మరియొకరు ఓపికతో ఆగుట గ్రంథాలయధర్మము. శిశుగృహధర్మమును అదియే. బిడ్డల చేయి పట్టి గ్రంథాలయమునకు తెచ్చు తల్లిదండ్రులు ఆ మహనీయురాలి బడిని మన ఊర నిలిపినవారగుదురు.